మేము – మనము

2025వ సంవత్సరము జూన్ మాసమున మేము మూడు ఆవకాయ జాడీలతోను, ఒక పెద్దబాలశిక్షతోను బొంబాయికి ప్రయాణమైతిమి. అలవాటు చొప్పున బొంబాయి యంటిమి గాని, మేము చేరవలసిన తావు నవీ ముంబయిలోని నేరూళు. మా రెండవ కుమారునకు అచ్చట ఉద్యోగము. అతడు నాసిక్ పట్టణపు మరాఠీ కన్యను వివాహమాడెను. 2024వ సంవత్సరమున వారికి ఆడుబిడ్డ కలిగినది. కోడలు మరల ఉద్యోగమునకు పోవలసి వచ్చినందున, పసిదానిని కనిపెట్టుకొని యుండుటకు తెనాలినుండి మేమును, నాసిక్ నుండి మా వియ్యపురాలును ఆ యింట చేరితిమి. మేమనగా ఈ వ్యాసము వ్రాయుచున్న మే మొక్కరమే. పత్రికలకు వ్రాయునప్పుడు నేను అనుటకు మాకు నోరాడదు. ఈ మేము అను మాటయే తరువాత మమ్ము చిక్కున బెట్టినది.

రెండు పడకగదుల యిల్లు. పగలెల్ల ఇద్దఱు ముసలమ్మలు, ఒక పసిపిల్ల. వియ్యపురాలితో మాటలాడుట యెంత నేర్పు గావలసిన పనియో సోదరీమణులకు మేము చెప్పనక్కఱలేదు. ఒకే భాష గలవారికే అది కత్తిమీది సాము. మా యిరువురకు నడుమ భాషయే లేదు. ఆమెకు మరాఠీయు, వాడుకకు సరిపోవు హిందీయు వచ్చును. మాకును హిందీ వచ్చునని మా పిల్లల నమ్మకము. ఆ నమ్మకమునకు ఆధారము మా బీరువాలో నున్న మూడు యోగ్యతాపత్రములు.

1970 తరువాతి సంవత్సరములలో, మా వంటి యిండ్లలోని ఆడపిల్లలకు సంగీతము, కుట్టుపని, హిందీ పరీక్షలు, ఈ మూడును పెండ్లికి ముందు ముగింపవలసిన పనులుగా నుండెడివి. గాంధీ మహాత్ముడు 1918లో చెన్నపురిని నెలకొల్పిన దక్షిణ భారత హిందీ ప్రచార సభవారి పరీక్షలవి. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, ఆపైన విశారద, ప్రవీణ. మేము మూడవ మెట్టువఱకు ఎక్కితిమి. సాయంకాలము ఒక పంతులమ్మగారి వసారాలో చాపలపై గూర్చుండి ఆవును గుఱించిన వ్యాసమును కంఠస్థము చేసెడివారము. పెండ్లియైన పిదప కాశీయాత్రలో రిక్షావానితో బేరమాడవలసి వచ్చినప్పుడు, ఆవునకు నాలుగు కాళ్ళుండునను మాట తప్ప మఱి యొకటి మా నోట రాకపోయెను. మావారు ఆ సంగతి ఇంటింట చెప్పి నవ్వెడివారు.

అదే హిందీని దుర్గాబాయమ్మగారు నేర్చిన తీరు వేఱు. ఆమె పసితనముననే రాజమహేంద్రవరమున స్త్రీలకు హిందీ బడి నడపినది. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, పదునాలుగేండ్ల సేవికయై ఖద్దరు ప్రదర్శనశాల వాకిట నిలిచి, టిక్కెట్టు లేదని జవహర్లాల్ నెహ్రూగారినే ఆపినది. ఆమెకు భాష చేయవలసిన పనితోగూడ వచ్చినది. మాకు పరీక్ష తేదీతో వచ్చి పరీక్ష తేదీతోనే పోయినది.

కావున నేరూళులో మొదటి నెల సైగలతో గడచినది. వియ్యపురాలు మా ఆవకాయ రుచి చూచి కన్నీరు పెట్టుకొనినది. అది మెప్పో కాదో తెలిసికొనుటకు సాయంకాలము కోడలు వచ్చువఱకు మేము వేచియుండవలసి వచ్చినది.

మేము దిగిన వేళయు మంచిది గాదు. ఆ యేడు ఏప్రిల్ 16వ తేదీన మహారాష్ట్ర ప్రభుత్వమువారు మరాఠీ, ఇంగ్లీషు మాధ్యమ పాఠశాలలలో ఒకటవ తరగతినుండి హిందీని మూడవ భాషగా విధిగా నేర్పవలెనని ఉత్తరువు చేసిరి. దానిమీద రాష్ట్రమంతట అలజడి రేగెను. జూన్‌లో ఉత్తరువును కొంత సడలించిరి. అదియు చాలదని జనులు పట్టుబట్టగా జూన్ 29వ తేదీన ఉత్తరువులు రెండును ఉపసంహరించుకొని, విచారణకు ఒక సంఘమును వేసిరి. ఇరువది యేండ్లుగా వేఱుపడి యున్న అన్నదమ్ముల బిడ్డలు ఉద్ధవ్ ఠాక్రే, రాజ్ ఠాక్రేలు జూలై 5వ తేదీన వర్లీలో ఒకే వేదికమీదికి వచ్చిరి. పంపకములలో విడిపోయిన దాయాదులను భాష కలుపుట మే మెన్నడును వినలేదు. ఆ దినములలోనే ముంబయి పొలిమేరలో ఒక దుకాణదారుని మరాఠీ మాటలాడలేదని కొట్టిన దృశ్యమును దూరదర్శిని వారు గంటకు పదిమాఱులు చూపిరి. మా కుమారుడు భయపడి, "అమ్మా, నీవు ఒంటరిగా బజారునకు పోవలదు" అనెను.

మాకు మాత్రము ఆ జనులమీద కోపము రాలేదు. భాషకై పట్టుబట్టుట యేమో మనవారికి ఒకరు చెప్పవలెనా? పొట్టి శ్రీరాములుగారు చెన్నపురిలో నిరాహారులై 1952 డిసెంబరు 15వ తేదీన ప్రాణము విడిచిరి. మఱుచటి సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. మరాఠీవారు తమ రాష్ట్రమునకై 1960 మే 1వ తేదీవఱకు వేచియుండవలసి వచ్చెను. దానికై తుపాకి గుండ్లకు గుఱియైనవారి జ్ఞాపకముగా నిలిచిన హుతాత్మ చౌకును కోడలు మాకు చూపినది. ఆఱేండ్ల బిడ్డ నెత్తిన మూడు భాషలు మోపుట మాకును సమ్మతము గాదు. ఇక ఆ దుకాణదారుని దెబ్బల మాట. చెంపదెబ్బతో ఏ బిడ్డకును అక్షరము వచ్చుట మేము చూడలేదు; పంతుళ్ళ బెత్తములక్రింద చదివిన తరమువారము గనుక ఈ సంగతి మాకు బాగుగ తెలియును.

కఱివేపాకు లేక నాలుగు దినములు గడచిన మీదట మేము కుమారుని మాట మీఱి బజారునకు పోయితిమి. దూరదర్శినిలో చూచినదానికి ఆ బజారునకు పోలికయే లేదు. అచ్చట మమ్ము ఏ భాషదానవని అడిగినవారు లేరు. కొత్తిమీర కట్ట యెంత యని మేము వ్రేళ్ళతో అడిగితిమి, వారు వ్రేళ్ళతో చెప్పిరి.

అట్లే సైగలతో సంసారము నెట్టుకొని పోవుదుమేమో గాని, జూలై చివర నొక దినము పసిదానికి ఒడలు వెచ్చబడినది. వియ్యపురాలు గుడికి పోయియుండెను. పిల్ల మా మెడ కౌగిలించుకొని "కాన్, బావూ, కాన్, బావూ" అని యేడ్చుచున్నది. మేము దానిని ఖానా యనుకొని, ఆకలి యని పాలన్నము తెచ్చితిమి. గిన్నెను త్రోసివేసినది. బావూ యనగా ఎవరినో పిలుచుచున్నదని కిటికీయొద్దకు ఎత్తుకొని పోయితిమి. ముప్పావు గంట యేడ్చినది. వియ్యపురాలు వాకిటనుండియే ఆ రెండు మాటలు విని, చెప్పులైన విడువక లోనికి వచ్చి, పిల్ల చెవి వెనుక చేయి పెట్టి చూచినది. బావూ యనగా మరాఠీ పసిబిడ్డలు నొప్పికి చెప్పుకొను మాట. కాన్ అనగా చెవి. హిందీలోను అదియే మాట. ప్రాథమిక పరీక్షలోనే చదివితిమి. మూడు పత్రములును బీరువాలోనే యుండెను.

వైద్యుడు చుక్కల మందిచ్చెను, రెండు దినములలో తగ్గినది. కాని ఆ ముప్పావు గంట మమ్ము విడువలేదు. అంతవఱకు పిల్లకు తెలుగు రాకున్నదే యని చింతించుచుంటిమి. మేము పిచ్చుక యనినచో మా ముఖము చూచి నవ్వి "చివూ" అనెడిది. కాకి యనినచో "కావూ" అనెడిది. పెద్దబాలశిక్షలోని బొమ్మలు చింపినది. దానికి తెలుగు వచ్చువఱకు మేము కాచుకొని యుందుము సరే, దాని నొప్పి కాచుకొని యుండునా? మఱునాడు కుమారునిచేత నూఱు పుటల నోటుపుస్తకము తెప్పించితిమి. అఱువదిమూడవ యేట మరాఠీ అక్షరాభ్యాసము.

అక్షరములు నాగరిలిపియే గనుక వానితో పేచీ లేకపోయెను. హిందీలో కానరాని ళ కారము మరాఠీలో మనకువలె నిండుగా నున్నది. మన తులసి వారికి తుళస. పాతపుస్తకములలో ౘలి, ౙల్లు అను మాటలపై గుర్తుంచి దంత్యమని చూపెడివారు గదా, ఆ రెండు రకముల చకారము, జకారము వారికిని గలవు. బాగు అనుటకు వారు ౘాంగలా యందురు, నాలుగు అనుటకు చార్ అందురు. గుర్తు మాత్రముండదు. ఎక్కడ ఏది పలుకవలెనో మరాఠీ తల్లి కడుపున బుట్టినవారికే తెలియవలెను. మా వియ్యపురాలు మాచేత ౘమౘా అను మాటను ఇరువదిమాఱులు పలికించి, ఆ చెంచాతోనే మాకు పాయసము వడ్డించినది.

ఇంటివస్తువులలో చుట్టరికములు దొరకినకొలది మాకు ఉత్సాహము పెరిగినది. మన అడకత్తెర వారికి అడకిత్తా. చింతపండు చించ. అక్క అక్కయే, అన్న అణ్ణాయే. వలదు అనుటకు నకో యందురు. హైదరాబాదు సోదరీమణులు ఈ మాటను చూచి నవ్వుకొందురు, వారి నక్కో యిదియే. ఇల్లు విడిచి పోవునప్పుడు పోయెదననరు. మనము వెళ్ళివచ్చెదనన్నట్లే వచ్చెదననియే చెప్పుదురు. ఇది వినినప్పుడు మాకు కలిగిన సంతోషము ఇంతంత గాదు. వచ్చెడి త్రోవలో షోలాపురము స్టేషనున తెలుగు మగ్గములవారు రైలెక్కి మాతో తెలుగున, వారి పిల్లలతో మరాఠీలో మాటలాడుట చూచి, రెండు భాషల నడుమ ఇంత తేలికగా ఎట్లు దాటుచున్నారా యని వింతపడితిమి. దాటుటకు వంతెనలు చాలనే యున్నవి.

గోతులును గలవు. మరాఠీలో లింగములు మూడు. ఉల్లిగడ్డ పురుషుడు, కూర స్త్రీ, పాలు నపుంసకము. బిడ్డ యను మాటయు నపుంసకమే. ఇది యిట్లుండగా క్రియాపదములో చెప్పువారు ఆడో మగో కూడ తెలియవలెను. వచ్చెదననుటకు మగవాడు యేతో యనును, ఆడుది యేతే యనును. మా కుమారుడు ఆఫీసునకు పోవుచు ప్రతిదినము "యేతో" అనుట విని మేము దానినే పట్టుకొంటిమి. ఒకనాడు కూరలు కొని, ముచ్చటగా "మీ ఉద్యా యేతో" అని, రేపు వచ్చెదనని సెలవు తీసికొంటిమి. కూరలబ్బాయి తక్కెడ క్రింద పెట్టి, "యేతో నాహీ మావశీ, యేతే!" అని పకపక నవ్వెను. మావశీ యనగా తల్లి తోబుట్టువు. మీసములు మెలిపెట్టి సెలవు తీసికొన్న పినతల్లిని అతడు ఆ వాడ మఱచిపోడు. ఆనాటినుండి మేము పోగానే దూరమునుండియే "యా మావశీ" అని పిలిచెడివాడు, కొత్తిమీర ఉచితముగా నిచ్చెడివాడు. భాషనుగూర్చి మా కచ్చట జరిగిన దౌర్జన్యమంతయు ఇంతే.

సెప్టెంబరులో కోడలు మా కొక రహస్యము చెప్పినది. హిందీలో హమ్ అను మాట యొక్కటే గదా, ఇంగ్లీషులోను ఒక్కటే. వినువారిని కలుపుకొని చెప్పుచున్నామో, వెలిగా నుంచి చెప్పుచున్నామో ఆ భాషలలో తెలియదు. మనకు రెండు గలవు, మేము, మనము. మరాఠీలోను రెండే! మేము అనుటకు ఆమ్హీ, మనము అనుటకు ఆపణ్. మా యనుటకు ఆమచీ, మన యనుటకు ఆపలీ. మేము ఆ రాత్రి నోటుపుస్తకములో ఈ నాలుగు మాటలను ఎఱ్ఱసిరాతో వ్రాసికొంటిమి. ఆ యెఱ్ఱసిరాయే మాకు తలనొప్పి తెచ్చినది.

దీపావళి అక్టోబరు 21వ తేదీన. చకలీ, కరంజీ పళ్ళెముతో క్రింది అంతస్తు ఇల్లాలు వచ్చినది. వియ్యపురాలు పసిదానిని ఎత్తుకొని, మా ప్రక్కనే నిలిచి, "హీ ఆమచీ నాత" అనినది. ఇది మా మనుమరాలు అని. ఆపలీ యనలేదు, ఆమచీ యనినది! మేము ప్రక్కన నుండగనే! నెలరోజుల క్రిందట నేర్చిన మాట శూలమువలె గుచ్చుకొన్నది. పిల్ల మాటలు వారివి, పిల్ల తినుబండారములు వారివి, ఇక పిల్లయు వారిదే గాబోలు. మేము కూలికి వచ్చిన ఆయాలమా? ఆ పూట మేము అన్నము తినలేదు. తలనొప్పి యంటిమి. తలనొప్పికి మరాఠీ మాట మాకప్పటికి వచ్చును గనుక అదియు మరాఠీలోనే చెప్పితిమి.

అది మొదలు తొమ్మిది దినములు మా యిరువురకు మాటలు లేవు. ఆమెకు కారణము తెలియదు. మేము చెప్పుటకు భాష చాలదు, చాలినను చెప్పియుండము. ఇంటిలో క్రికెట్టు రాకున్న ఆ మౌనము ఎన్నాళ్ళు సాగియుండునో!

క్రికెట్టు మా కెన్నడును మా వస్తువుగా నుండలేదు. 1983 జూన్ 25వ తేదీ రాత్రి మేము కొత్తకోడలము. మామగారు, మఱదులు, వీధిలోని మగవారెల్ల రేడియోచుట్టు మూగిరి. మేము ఆ రాత్రి మూడుమాఱులు కాఫీ కాచితిమి, ఒకమాఱు ఉప్మా చేసితిమి. "గెలిచితిమి" అని వారు కేకలు వేసిరి. తెలుగు క్రియాపదములో ఒక చమత్కారమున్నది. గెలిచితిమి యనినచో అందు మేమున్నదో మనమున్నదో తేలదు. మేము వంటయింటినుండి విని, అందు మా పాలున్నదా యని అడుగలేదు. ఆడువారి క్రికెట్టు అప్పటికే లేకపోలేదు. 1978లో స్త్రీల ప్రపంచకప్పు మన దేశముననే జరిగినది. కడపటి ఆట హైదరాబాదులోనే ఆడిరి, ఆస్ట్రేలియావారు గెలిచిరి. మా యింటికి వచ్చు వార్తాపత్రికలో అది వచ్చియుండవచ్చును. పత్రిక మగవారి చేతులు దాటి వంటయింటికి వచ్చునప్పటికి పొట్లము కట్టుటకే పనికివచ్చెడిది. మిథాలీ రాజ్ పేరును మేము 2017లోనే వింటిమి. హైదరాబాదున పెరిగిన ఆ తమిళ కన్య నాయకత్వమున మనవారు లార్డ్స్ మైదానమున కడపటి ఆటకు చేరి, తొమ్మిది పరుగుల తేడాతో ఇంగ్లండుకు ఓడిరి.

2025 ప్రపంచకప్పు సెప్టెంబరు చివర మొదలయ్యెను. మా విశాఖపట్టణమునను మన ఆటలు రెండు జరిగినవి, అక్టోబరు 9న, 12న. పండ్రెండవ తేదీన అచ్చటి మైదానములో ఒక ప్రేక్షకుల శాలకు మిథాలీ రాజ్ పేరును, ఒక ద్వారమునకు రావి కల్పన పేరును పెట్టిరి. ఆటలు మాత్రము రెండును ఓడిరి, దక్షిణాఫ్రికాతో నొకటి, ఆస్ట్రేలియాతో నొకటి. తరువాత ఇందూరులో ఇంగ్లండుతోను ఓడిరి. "ఆమచ్యా" విశాఖలో రెండు ఓటములని వియ్యపురాలు మమ్ము ఆటపట్టించినది, అప్పటికింకను మాటలున్నవి. న్యూజిలాండుపై గెలిచి ఎట్లో సెమీఫైనలు చేరిరి.

ఆ సెమీఫైనలు అక్టోబరు 30వ తేదీన, మా యింటికి కూతవేటు దూరమున నున్న డి. వై. పాటిల్ మైదానమున. ఆస్ట్రేలియావారు 338 పరుగులు చేసిరి. కుమారుడు లెక్కచూచి, స్త్రీల వన్డే ఆటలలో అంతటి మొత్తమును ఎవరును ఛేదింపలేదని చెప్పి పడుకొనబోయెను. మే మిద్దఱమును కుర్చీలు విడువలేదు. పంతము మాది, ముందు లేచినవారు తగ్గినట్లు. జెమీమా రోడ్రిగ్స్ అను ముంబయి పడుచు వంగి లేచి, పడి లేచి, అలసి మోకాళ్ళపై చేతులూని నిలిచి, తుదివఱకు వికెట్టు కాచుకొనినది. 127 పరుగులు. నాయకురాలు హర్మన్‌ప్రీత్ కౌర్ 89. ఇంక తొమ్మిది బంతులుండగనే 341 చేసి గెలిచిరి. ఆ పిల్ల మైదానముననే యేడ్చినది. ఇంగ్లండుతో ఆటకు ఆమెను జట్టులోనుండి తీసివేసిరని విని, ఎందులకని మేము మఱచిపోయి అడిగితిమి. వియ్యపురాలు చెప్పనారంభించినది. తొమ్మిది దినముల మౌనము అట్లు తెగినది గాని, ముల్లు లోపలనే యుండెను.

నవంబరు 2వ తేదీ ఆదివారము. ఆనాడు మనకు క్షీరాబ్ధి ద్వాదశి, వారికి తుళశీ వివాహము. ఒకే తులసికుండ. మేము ఉసిరికొమ్మ తెప్పించితిమి, ఆమె చెఱకుగడలు తెప్పించినది. కుండలో రెండును పట్టవు. పట్టవని యెవరు చెప్పవలెనో తెలియక ఇద్దఱమును కొంతసేపు కొమ్మయు గడయు పట్టుకొని నిలుచుంటిమి. కడకు గడలను నాలుగు మూలల కట్టి, కొమ్మను నడుమ గ్రుచ్చితిమి. మూడు గంటలకు మొదలు కావలసిన కడపటి ఆట వానచే ఐదు గంటలకు మొదలైనది. ఆమె మంగళాష్టకములు పాడుచుండగా షఫాలీ వర్మ ఫోర్లు కొట్టుచుండెను. ఉసిరిదీపములు వెలిగించి వచ్చి చూచితిమి. షఫాలీ 87, దీప్తి శర్మ 58, మొత్తము 298.

దక్షిణాఫ్రికావారు నెమ్మదిగా, గట్టిగా ఆరంభించిరి. మొదటి వికెట్టు పరుగు తీయుటలో పోయినది. అప్పుడు బంతి శ్రీచరణి చేతికి వచ్చినది. నల్లపురెడ్డి శ్రీచరణి కడపజిల్లాలోని పల్లెటూరి పిల్ల, ఎడమచేతితో బంతిని త్రిప్పును. ఆ సంవత్సరమే జట్టులో చేరినది, ఈ పోటీలో మొత్తము పదునాలుగు వికెట్లు తీసినది. బంతి అన్నెకె బాష్ కాలికి తగిలినది. పరుగు లేకయే ఆమె వెడలిపోయెను. మేము కుర్చీమీదనుండి లేచి, మా యేండ్లు మఱచి, "ఆమచీ! ఆమచీ ములగీ!" అని యఱచితిమి. మా పిల్ల! మా పిల్ల!

వియ్యపురాలు మావైపు తిరిగి, కూరలబ్బాయి దిద్దినట్లే, వ్రేలాడించుచు దిద్దినది: "ఆమచీ నాహీ. ఆపలీ."

మా కాగడియ కాళ్ళలో సత్తువ పోయి కూర్చుండిపోయితిమి. ఇంతవఱకు ఆమె మాటలో తప్పు వెదకిన మేము, ఆమె ప్రక్కన నుండగనే పిల్లను మాదనుకొంటిమి. ఇంతలో మఱియొకటి తోచినది. దీపావళినాడు ఆమె చెప్పినది మాతోనా? క్రింది అంతస్తు ఇల్లాలితో గదా! ఆ ఇల్లాలికి మన మనుమరాలని యెట్లు చెప్పును? మేమైనను పొరుగింటివారితో మా మనుమరాలనియే చెప్పుదుము గాని మన మనుమరాలనము. ఆ మా లో మేమును ఉంటిమి. వెలియైనది కరంజీలు తెచ్చిన ఆమె. తెలుగువారమై పుట్టి, పుట్టినది మొదలు ఈ రెండు మాటలను తప్పకుండ వాడుచు, పరభాషలో వానిని ఎఱ్ఱసిరాతో వ్రాసికొని తొమ్మిది దినములు పస్తుల వంటి మౌనము పట్టితిమి. ఈ సంగతి కోడలితో చెప్పలేదు. ఈ వ్యాసము చదివినచో తెలిసికొనగలదు. దానికి తెలుగు చదువ రాదు గనుక మాకు భయము లేదు.

లారా వోల్వార్డ్ట్ నూఱు పరుగులు దాటి మమ్ము వణికించినది. ఆమె కొట్టిన బంతి అమన్‌జోత్ కౌర్ చేతులలో ఒకమాఱు జాఱి, రెండవమాఱు జాఱి, మూడవమాఱు నిలిచినప్పుడు వియ్యపురాలు మా చేయి పట్టుకొన్నది. గాజు ఒకటి చిట్లినది. అర్ధరాత్రి దాటినంతనే కడపటి బంతి హర్మన్‌ప్రీత్ చేత చిక్కినది. 246కు అందఱును ఔటు. యాబదిరెండు పరుగుల గెలుపు. మైదానపు హోరు దూరదర్శినికంటె ముందు కిటికీలోనుండి వినవచ్చినది. పిల్ల లేచి యేడ్చినది. వియ్యపురాలు దానిని ఎత్తుకొని వచ్చి, "ఆపణ్ జింకలో!" అనినది. మనము గెలిచితిమి. తరువాత ఆమెయే వంటయింటికి పోయి టీ కాచినది. మేము కాఫీ కావలెనంటిమి. అదియు కాచినది.

డిసెంబరులో మేము తెనాలికి మరలితిమి. పిల్ల మాతో ఫోనులో మాటలాడును. పోవునప్పుడు "యేతే" అనును, మేము నేర్పిన "వత్తా" అనును, ఒక్కొక్కప్పుడు రెండును కలిపి యనును. వియ్యపురాలు తెలుగు నేర్చుట మొదలిడినది. మే మక్కడ విడిచిన పెద్దబాలశిక్షలోని చిరుగులు అంటించి దానితోనే నేర్చుచున్నదట. అక్షరములు గుండ్రముగా నున్నవి, చకలీలవలె నున్నవి యని మెప్పు. మొన్న ఫోనులో ఒక ప్రశ్న వేసినది. ఆటగత్తెలు పదునొకొండుగురు వచ్చిరని మీరందురు. శ్రీచరణి యొక్కతెయే యైనచో వచ్చిందందురు. ఆవు వచ్చిందందురు, బస్సు వచ్చిందందురు. మేము మువ్వురు ఆడువార మున్నప్పుడు మనుష్యులము, ఒక్కతెగా నున్నప్పుడు ఆవుతోను బస్సుతోను సమానమా? ఇది మీ వ్యాకరణములో ఎవరు పెట్టిరి?

మహతీవాచకములు ఏకవచనమున అమహత్తులవలె నడచునని చిన్ననాట చదివినది జ్ఞప్తికి వచ్చినది గాని, దానిని మరాఠీలో చెప్పుట మా వలన గాలేదు. తెలుగులోను ఏమని చెప్పవలెనో ఆలోచించుచున్నాము. ఆమె ఆదివారము మరల ఫోను చేయును.